భూకంప మెట్లు పుట్టును?

2024వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీని ఉదయము ఏడున్నర గంటల ప్రాంతమున ములుగు జిల్లాలో భూమి కంపించినది. దాని పరిమాణము 5.3. వరంగల్లు, ఖమ్మము, భద్రాచలము మొదలుకొని హైదరాబాదు, విజయవాడల వఱకును ఆ కదలిక తెలిసినది. ఇండ్లలోనివారు వీథులలోనికి వచ్చిరి. కొన్ని క్షణములలో భూమి సద్దుమణగినది. భూమి సద్దుమణగిన పిమ్మట వదంతి మొదలగును. ప్రతి భూకంపము వెనుకను ఇది తప్పదు. "ఎల్లుండి రాత్రి మరల రానున్నదట, ఇంతకంటె పెద్దదట" అని ఎక్కడనో ఒకడు పుట్టించును, వేయిమంది మోయుదురు. పూర్వము ఇట్టి మాట సంతనుండి ఊరికి చేరుటకు వారము పట్టెడిది. నేడు చేతిలోని ఫోనునకు గడియలో చేరుచున్నది. అప్పుడు ఊరివారు వచ్చి పెద్దలనే యడుగుదురు: "అయ్యా, ఇది నిజమా? పిల్లలను తీసికొని పొలములో పండుకొందుమా?"

ఈ ప్రశ్నకు తెలిసి యుత్తరము చెప్పవలె నన్నచో భూకంపము దేనివలన పుట్టును, దాని నడక దేనికి లోబడి యుండును అను రెండు సంగతులను ఎఱుగవలెను. నేటి ప్రసంగమునకు ఇవియే విషయములు.

మన పూర్వులును ఈ ప్రశ్న వేసికొనినవారే. ఆఱవ శతాబ్దమునాటి వరాహమిహిరాచార్యుడు తన బృహత్సంహితలో భూకంప లక్షణమునకై ప్రత్యేకముగా ఒక అధ్యాయమును వ్రాసియున్నాడు. నీటిలో నివసించు మహాసత్త్వములు కదలుటచేత భూమి కంపించునని కొందఱు. భూభారము మోసి యలసిన దిగ్గజములు విశ్రమించుటచేత నని మఱికొందఱు. గాలి గాలిని తాకి నేలబడుటచేత నని వేఱొకరు. అదృష్టకారణమున నని ఇంకను కొందఱు చెప్పుదురని ఆయన మతములను వరుసగా పేర్కొనెను. ఒక్క మతమునే పట్టుకొని కూర్చుండక అన్నిటిని ఎదుటబెట్టిన ఆ పద్ధతి నాకు నచ్చును. ఇంతమాత్రమున నేటి శాస్త్రమంతయు పూర్వులకు తెలియునని వాదించువారితో నేను ఏకీభవింపను. భూమిలోపలి రాతిని పరీక్షించు సాధనములు వారికి లేవు. సాధనములు వచ్చిన పిమ్మట తెలిసిన సంగతులు వేఱు.

భూమి పైపెంకు ఒక్క ముక్క కాదు. పెద్దవియు చిన్నవియునగు కొన్ని శిలాఫలకములుగా అది విడివడి యున్నది. ఆ ఫలకములు మిక్కిలి నెమ్మదిగా కదలుచుండును. మనము నివసించు భారత ఫలకము ఏటికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరముగా పోవుచున్నది. చేతిగోరు ఏడాదిలో పెరుగు పొడవు ఇంచుమించుగా ఇంతే. అట్లు పోవుచు అది ఆసియా ఖండపు శిలలను నొక్కుచున్నది. హిమాలయములు లేచినది ఈ నొక్కుడు చేతనే. ఆ ఐదు సెంటీమీటర్లలో రెండింటి మేరకు కుదింపు హిమాలయముల క్రిందనే పడుచున్నది. మిగిలినది ఆవలి టిబెట్టు మొదలగు దేశములలో పంచుకొనబడుచున్నది.

ఇట్లు నొక్కబడియు లాగబడియు భూమిలోని శిలలు అనేక యుగములలో పగిలినవి. ఆ పగులునకు ఇరువైపుల నున్న శిలలు ఒకదానినొకటి ఒరసికొనుచు జరిగినచో దానిని భ్రంశ మందురు. సింగరేణి గనులలో పనిచేసినవారికి ఇది క్రొత్త కాదు. బొగ్గుపొర చక్కగా సాగుచు సాగుచు ఒకచోట తటాలున తెగిపోవును. ఎదుట వట్టి రాయి కనబడును. తెగిన పొర కొన్ని మీటర్లు క్రిందనో మీదనో మరల దొరకును. గనివారు దానిని ఫాల్టు అందురు. గ్రంథములలోని భ్రంశము అదియే. కొన్ని భ్రంశములలో ఒకవైపు శిల క్రిందికి జాఱును, కొన్నిటిలో ఒకటి రెండవదానిమీది కెక్కును, కొన్నిటిలో రెండును ప్రక్కప్రక్కగా ఎదురెదురు దిక్కులకు జరుగును. భ్రంశములన్నియు భూకంపములను పుట్టించునవి కావు. పెక్కులు కోట్ల సంవత్సరములనుండి కదలక పడియున్నవి.

భ్రంశమునకును భూకంపమునకును గల సంబంధము స్పష్టముగా తేలినది 1906వ సంవత్సరమున. ఆ యేడు ఏప్రిల్ 18వ తేదీని తెల్లవాఱుజామున అమెరికా దేశములోని శాన్ ఫ్రాన్సిస్కో నగరము భూకంపముచేతను, వెనువెంటనే రేగిన అగ్నిచేతను నాశనమైనది. అచ్చటి శాన్ ఆండ్రియాస్ భ్రంశము సుమారు 470 కిలోమీటర్ల పొడవున జాఱినది. ఆ గీతను దాటుచున్న కంచెలు, బాటలు తెగి, ఒక సగము ఇక్కడను ఒక సగము అక్కడను నిలిచినవి. ఒకచోట బాట ఆఱు మీటర్లు ప్రక్కకు జరిగిపోయెను.

హారీ ఫీల్డింగ్ రీడ్ అను ఆచార్యుడు దీనిని విచారించెను. అదృష్టవశమున ఆ ప్రాంతపు కొండకొనల స్థానములను ప్రభుత్వపు కొలతగాండ్రు అంతకు ముందు ఏబదేండ్లలో రెండు పర్యాయములు కొలిచియుండిరి. భూకంపము వెనుక మూడవసారి కొలిచిరి. ఈ మూడు లెక్కలను ప్రక్కప్రక్కన నుంచి చూడగా ఒక సంగతి బయటపడినది. భూకంపమునకు ముందు పగులునొద్ద ఏ కదలికయు లేదు. కాని పగులునకు దూరముగా నున్న కొండలు ఎదురెదురు దిక్కులకు నెమ్మదిగా పోవుచునే యుండెను. అనగా మధ్య పట్టుబడియుండి, కొనలు సాగిపోవుచుండగా, నడుమనున్న శిల వెదురుబద్దవలె వంగుచుండెను. శిల వంగునా యని మీ రడుగవచ్చును. చేతిలోని రాయి వంగదు. కిలోమీటర్ల కొలది పొడవుగల శిల కొన్ని మీటర్లు వంగుట విచిత్రము కాదు. వంగినది వంగినట్లే యుండక, పట్టు విడిన క్షణమున వింటినారి విడిచినట్లు తన సహజస్థితికి ఎగిరిపడును. ఆ యెగిరిపాటే భూకంపము. 1910వ సంవత్సరమున రీడు వెల్లడించిన ఈ సిద్ధాంతమును నేటికిని శాస్త్రజ్ఞులు అంగీకరించుచున్నారు.

ఆ భ్రంశమునొద్ద ఫలకములు ఏటికి ఇంచుమించుగా 35 మిల్లీమీటర్లు జరుగుచున్నవి. నూఱేండ్లకు మూడున్నర మీటర్ల బాకీ పెరుగును. ఏనాటికో ఒకనాటికి భూమి ఆ బాకీ తీర్పక తప్పదు. కాని తీర్చు తేదీ పత్రములో వ్రాసియుండదు. ఎందుచేత నుండదో తెలియుటకు ఆ పట్టు ఎట్టిదో విచారింపవలెను. భూకంపశాస్త్రములో ముఖ్యమైన భాగ మిదియే.

మన ఇండ్లలోని తిరగలిని చూడుడు. పైరాతిమీద ఎవరైన చేయి వైచి నొక్కినచో త్రిప్పువారికి వెంటనే తెలియును. నొక్కుడు హెచ్చినకొలది పట్టు హెచ్చును. భూమిలో పదికిలోమీటర్ల లోతున పైనున్న రాతి బరువు ప్రతి చదరపు సెంటీమీటరు మీదను సుమారు 2,700 కిలోగ్రాములు. బస్తా 75 కిలోల చొప్పున, గోరంత చోటుమీద ముప్పదియాఱు ధాన్యపు బస్తాలు పెట్టినట్లు లెక్క. ఇంతటి నొక్కుడుక్రింద నున్న రెండు రాతిముఖములు ఒకదానినొకటి ఎంత గట్టిగా పట్టుకొనునో ఊహింపవచ్చును.

ఆ పట్టు విడుచు తీరును 1966వ సంవత్సరమున అమెరికాలో బ్రేసు, బయర్లీ అను నిరువురు ప్రయోగశాలలో చూచిరి. నల్లరాతి ముక్కలను యంత్రములో బిగించి గొప్ప నొక్కుడుతో జరుపగా, అవి నిలుకడగా జరుగలేదు. కొంతసేపు కదలక పట్టుకొనును, బలము పేరుకొనును, తటాలున ఒక కుదుపుతో జాఱును, మరల పట్టుకొనును. నూతిగిలక ఎండిపోయినప్పుడు కిఱ్ఱు కిఱ్ఱు మనుట ఈ పట్టువిడుపుల చేతనే. భూకంపము సైతము ఈ జాతిదే యని వారు చెప్పిరి. బయర్లీ పిమ్మట ఎన్నో రకముల శిలలను పరీక్షించి, నల్లరాయి గాని సున్నపురాయి గాని ఇసుకరాయి గాని పట్టులో ఇంచుమించు ఒక్కటేయని 1978లో తేల్చెను. ఒక్క జిగటమన్ను మాత్రము వేఱు. దాని పట్టు చాల తక్కువ.

ఇక్కడ ఒక సూక్ష్మమున్నది. పట్టు గట్టిదా మెత్తదా అనుటకంటె, కదలిక మొదలైన పిమ్మట పట్టు ఏమగును అనునదే అసలు ప్రశ్న. కొన్ని శిలలు, జాఱువేగము హెచ్చినకొలది, పట్టు విడుచును. ఇట్టివి ఒకసారి కదలినచో ఆగవు. కదలిక కదలికను పెంచును. ఇవియే భూకంపకరములు. మఱికొన్ని వేగము హెచ్చినకొలది పట్టు బిగించును. ఇవి తమ్ముతామే ఆపుకొనుచు, ఏనాడును కుదుపులేక, ఏటేట కొంతకొంతగా జాఱిపోవును. ఇంతేకాక చిరకాలము కదలక యున్న పగులు తన పట్టును మరల బలపఱచుకొనును. ఏండ్ల తరబడి తీయని గడియ బిగుసుకొనునట్లు, రెండు ముఖములు నానాటికి అతుకుకొనును.

ఈ రెండు స్వభావములను ఒక్క భ్రంశముమీదనే చూడవచ్చును. 1906లో అంతటి ఉపద్రవమును చేసిన ఆ శాన్ ఆండ్రియాస్ భ్రంశమే దక్షిణమున హాలిస్టర్ అను ఊరి చెంతనుండి కొంతదూరము ఎట్టి పెద్ద భూకంపమును లేక ఏటేట మిల్లీమీటర్ల లెక్కన జాఱుచున్నది. ఆ యూరిలో దాని శాఖాభ్రంశము ఇట్లే జాఱుటచేత వీథుల అంచురాళ్లు, ప్రహరీగోడలు ఏండ్లు గడచినకొలది వంకరపోవును. ఎవరికిని హాని లేదు. ఆ భ్రంశములోనికి మూడు కిలోమీటర్ల లోతున రంధ్రము చేసి, 2007లో పైకి తీసిన శిలలో, జాఱుచున్న చోట, సబ్బువలె మెత్తనైన ఒక జాతి జిగటమన్ను కనబడినది. బండి ఇరుసునకు మనము పెట్టు కందెన వంటి దనుకొనవచ్చును. కందెన గల ఇరుసు కిఱ్ఱుమనదు గదా.

లోతును ఒక కారణమే. ఖండములలో సుమారు పదునైదు కిలోమీటర్లు దాటినచో వేడిమి మూడు నాలుగు వందల డిగ్రీలకు చేరును. అచ్చట శిల పెళుసుదనము విడిచి పాకమువలె నెమ్మదిగా సాగును, పట్టువిడుపు లుండవు. అందుచేత మన దేశములోని భూకంపములలో పెక్కులు అంతకు మీది భాగముననే పుట్టును.

ఈ రెంటికిని నడుమ మఱియొక జాతి గలదని ఇటీవలనే తెలిసినది. కెనడా పడమటితీరమున భూగర్భమున ఇంచుమించుగా పదునాలుగు నెలల కొకసారి శిల కొన్ని వారములపాటు కొన్ని సెంటీమీటర్లు మాత్రము జాఱి ఆగుచున్నది. పైనున్నవారికి ఏమియు తెలియదు. ఆకాశములోని ఉపగ్రహముల సాయమున కొలుచు సాధనములు మాత్రము ఈ నిశ్శబ్ద భూకంపములను పట్టుకొన్నవి.

అయినను స్వభావమును చూచి ఈ చోటు భయములేనిదని తీర్పు చెప్పుట అపాయకరము. జపానుదేశపు తూర్పుసముద్రములో భ్రంశము పైకొన, సముద్రగర్భమునకు చేరువనున్నది, మెత్తని జిగటమట్టి గలది. అది తనంత తాను నెమ్మదిగా జాఱునే కాని పెద్ద భూకంపములో పాల్గొనదని పలువురు తలచియుండిరి. 2011 మార్చి 11వ తేదీని అదియే సుమారు 50 మీటర్లు జాఱి సముద్రమును తీరముమీదికి నెట్టినది. లోతునుండి వచ్చిన జాఱుడు అంతటి వేగముతో తాకగా, రాపిడివేడికి మట్టిలోని నీరు ఉబికి, ఉన్న పట్టును కూడ విడిపించినదని నేడు వివరించుచున్నారు.

భూకంపము ఒకచోట పుట్టి పరుగెత్తును. మొదట పట్టు విడుచునది చిన్న మేర. అది విడువగా దాని బరువు ప్రక్కదానిపై పడును, అదియు విడుచును. ఇట్లు విడుపు క్షణమునకు రెండు మూడు కిలోమీటర్ల చొప్పున పగులు వెంబడి పోవును. గట్టిపట్టు గల చోటు గాని, బాకీ ఇదివఱకే తీరిన చోటు గాని, జిగటమట్టి గల చోటు గాని ఎదురైనచో ఆగును. ఎక్కడ ఆగునో అదియే భూకంపము చిన్నదో పెద్దదో నిర్ణయించును. 2004 డిసెంబరు 26వ తేదీని సుమత్రా దీవియొద్ద మొదలైనది అండమాను దీవులవఱకు సుమారు 1,300 కిలోమీటర్లు పరుగెత్తి, మన కోస్తాతీరమునకు కూడ ఉప్పెనకెరటములను పంపినది. పరిమాణములో ఒక్క అంకె హెచ్చినచో విడుదలయగు శక్తి సుమారు ముప్పదిరెండు రెట్లగును. 5 కంటె 7 కొంచెము పెద్దదని తలపరాదు, వేయిరెట్లు పెద్దది.

ఒకచోట బాకీ తీరినచో పొరుగుచోటి బాకీ పెరుగును. టర్కీదేశపు ఉత్తర భ్రంశము దీనికి ప్రసిద్ధమైన దృష్టాంతము. 1939లో తూర్పున ఎర్జింజాను వద్ద మొదలై, 1942, 1943, 1944 సంవత్సరములలో ఒకదాని వెనుక నొకటిగా పడమటికి నడచి, 1999లో ఇజ్మీతు పట్టణమునకు చేరినది. తరువాతి వంతు ఆ ప్రాంతమునకు రావచ్చునని కొందఱు శాస్త్రజ్ఞులు రెండేండ్లు ముందుగానే వ్రాసియుండిరి. చోటు చెప్పగలిగిరి, దినము చెప్పలేదు.

పట్టును సడలించు వానిలో నీటికి ప్రత్యేకస్థాన మున్నది. నీరు రాతిని జారుడు చేయునని పలువు రనుకొందురు. కారణ మది కాదు. నూతిలో పడిన బిందెను తీయునప్పుడు, నీటిలో నున్నంతసేపు అది తేలికగా వచ్చును. నీరు విడిచి పైకి వచ్చినతోడనే చేయి లాగును. నీరు బరువును కొంత తాను మోయును. అట్లే పగులులో చేరిన నీరు తన ఒత్తిడిచేత రెండు రాతిముఖములను ఎడముగా నెట్టి పైభారమును కొంత మోయును. నొక్కుడు తగ్గినచో పట్టు తగ్గును. అంతవఱకు ఓర్చియున్న పగులు జాఱును.

అమెరికాలో డెన్వరు నగరముచెంత సైనికశాఖవారు కర్మాగారపు కల్మషజలమును 3,671 మీటర్ల లోతుబావిలోనికి 1962 మార్చి నెలనుండి పోయసాగిరి. మఱుసటి నెలనుండియే అచ్చట భూకంపములు మొదలైనవి. నీరు పోసిన నెలలలో అవి హెచ్చుచు, పోయని నెలలలో తగ్గుచుండుటను ఎవాన్సు అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1965లో చూపెను. 1966లో పోయుట మానిరి. ఐనను నీరు పగుళ్లవెంట ప్రాకుచునే యుండుటచేత పెద్ద కంపములు 1967లో వచ్చినవి. ఆ రాష్ట్రములోనే రేంజ్లీ అను చమురుక్షేత్రమున 1969 మొదలు 1973 వఱకు కావలెననియే నీటి యొత్తిడిని పెంచియు తగ్గించియు చూచిరి. ఒత్తిడి ఒక మేర దాటినచో కంపములు వచ్చినవి, తగ్గించినచో నిలిచినవి. ఇంతకంటె నిదర్శనము వేఱొకటి యక్కఱలేదు.

మన దేశములో దీనిని కోయనా చూపినది. మహారాష్ట్రములో, సహ్యాద్రిచెంత, కోయనానదిపై 103 మీటర్ల ఎత్తుగల ఆనకట్ట కట్టి 1962 నాటికి నీరు నింపసాగిరి. దక్కను పీఠభూమి కదలని నేలయని అందఱికిని నమ్మకము. నీరు నిలిచిన కొలదికాలమునకే చిన్న కంపములు మొదలైనవి. 1967 డిసెంబరు 11వ తేదీని తెల్లవాఱకముందే 6.3 పరిమాణము గల భూకంపము వచ్చి ఇంచుమించుగా 180 మందిని చంపినది. ఆనకట్ట బీటలు వాఱినది గాని తెగలేదు. పిమ్మట దానిని బలపఱచిరి. ఆ నాటినుండియు ఆ చిన్న ప్రాంతమున కంపములు మానలేదు. వర్షకాలమున జలాశయము నిండిన వెనుక అవి హెచ్చుటను, మట్టము శీఘ్రముగా పెరిగిన యేళ్లలోను, ఇదివఱకు చేరని మట్టమునకు చేరినప్పుడును పెద్దవి వచ్చుటను హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనాలయమువారు గమనించిరి. హర్ష గుప్తగారు దీనికై తమ జీవితములో పెద్దభాగమును వెచ్చించినారు. లోపలి రాతిని చూచుటకై అచ్చట మూడు కిలోమీటర్ల లోతుగల పరీక్షారంధ్రమును 2017లో ముగించిరి.

దీనినిబట్టి జలాశయములన్నియు భూకంపములు తెచ్చునని భయపడరాదు. నాగార్జునసాగరము నిండి దశాబ్దములు గడచినను కోయనావంటి భూకంపము అచ్చట కలుగలేదు. నీరు బలమును పుట్టింపలేదు. జాఱుటకు సిద్ధముగా నున్న పగులు క్రింద నున్నచో, నీరు దానిని తొందరపెట్టును, లేనిచో ఊరకుండును.

ఇంతయు తెలిసియు దినమేల చెప్పలేరు? ఈ ప్రశ్నకు పార్క్‌ఫీల్డు అను చిన్నయూరు ఉత్తరము చెప్పినది. అదియు కాలిఫోర్నియాలోనిదే. అచ్చట 1857, 1881, 1901, 1922, 1934, 1966 సంవత్సరములలో పరిమాణము 6 ప్రాంతపు భూకంపములు వచ్చినవి. సగటున ఇరువదిరెండేండ్ల కొకటి. ఇంత క్రమముగా వచ్చునది వేఱొకటి లేదని తలచి, 1993 లోపల తరువాతిది వచ్చునని ముందుగా ప్రకటించి, ఆ యూరిచుట్టు లోకములోని మేలైన సాధనములన్నియు నిలిపి కాచుకొని కూర్చుండిరి. 1993 గడచినది. రాలేదు. వచ్చినది 2004 సెప్టెంబరు 28న. పైగా వచ్చుటకు ముందు ఆ సాధనములలో దేనియందును స్పష్టమైన సూచన కనబడలేదు. చిన్న కంపముగా మొదలైనది చిన్నగానే ఆగునో, పరుగెత్తి పెద్దదగునో మొదలగునప్పుడు తేడా తెలియుట లేదు. పట్టు ఎక్కడ ఎంత యున్నదో, నీరెంత చేరినదో, బాకీ ఎంత మిగిలినదో పదికిలోమీటర్ల లోతున అడుగడుగునకు కొలువగలిగిననాడు కాని ఆ ముహూర్తము తెలియదు. పంచాంగములోని తిథివలె గణించుటకు ఇది వీలుపడునది కాదు.

కావున పెద్దలు ఊరివారితో చెప్పదగిన దిట్లుండును. దినమును గంటను చెప్పినవాడు ఎవడైనను కల్పించి చెప్పినవాడే. ఏమియు రాదని ఘంటాపథముగా చెప్పుటయు సరికాదు. పెద్దకంపము వెనుక చిన్నకంపములు వచ్చుట నియమము. జపానువాడైన ఒమోరి 1894లోనే వాని లెక్క కట్టెను: మొదటిదినమున వచ్చునన్ని పదవదినమున రావు, దినములు గడచినకొలది అవి పలుచబడును. వానిలో ఒకటి మొదటిదానికంటె పెద్దదగుట అరుదు. కాని అసంభవము కాదు. అందుచేత గట్టిగోడలు గల ఇంటివారు ఇంట పండుకొనవచ్చును. గోడ బీటవాఱిన ఇంటిలో మాత్రము, దానిని పరీక్షించి బాగుచేయువఱకు, ఎవరిని పండుకొననీయరాదు.

మన తెలుగునేల హిమాలయమువంటిది కాదు. ఐనను పగుళ్లు లేని నేల కాదు. గోదావరీలోయ యొకప్పుడు ఖండము చీలబోయి ఆగిన చోటు. ఆ చీలికలోని పల్లములోనే సింగరేణి బొగ్గు పేరుకొన్నది. దాని అంచుల ప్రాచీన భ్రంశములు నేటికిని ఉన్నవి. హిమాలయములవద్ద ఫలకము పడుచున్న నొక్కుడు దేశమంతట వ్యాపించి ఈ పాతపగుళ్లను కూడ తాకుచున్నది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలముచెంత 5.7 పరిమాణమును, 1967 మార్చి 27న ఒంగోలుచెంత 5.4 పరిమాణమును గల భూకంపములు వచ్చినవి. ములుగుది ఈ వరుసలోనిదే. ఇట్టి పగుళ్లయందు బాకీ మిక్కిలి మెల్లగా పెరుగును. ఒకసారి కదలినచో మరల వేలకొలది సంవత్సరములు ఊరకుండవచ్చును. అందుచేత జ్ఞాపకమున భూకంపము లేని చోటున భ్రంశము లేదని చెప్పజాలము.

1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రములోని కిల్లారి గ్రామమున జరిగినది ఇదియే. అది లాతూరు జిల్లా, మనకు పొరుగే. నాటి పటములో ఆ ప్రాంతము భూకంపభయము అన్నిటికంటె తక్కువయైన మండలముగా గుర్తింపబడియుండెను. నల్లరేగడిక్రింద, లావాశిలలక్రింద దాగియున్న భ్రంశమును ఎవరును ఎఱుగరు. వినాయకుని నిమజ్జనముచేసి వచ్చి జనులు నిద్రించుచుండగా, నాలుగు గంటలు కాకమునుపే భూమి కదలినది. పరిమాణము 6.2 మాత్రమే. చనిపోయినవారు పదివేలకు చేరువ. ఇంతకంటె ఎన్నోరెట్లు పెద్దవైన భూకంపములు జపానులో పదుల సంఖ్యలోపు ప్రాణనష్టముతో పోవుచుండగా ఇక్కడ ఇంతమంది చనిపోవుటకు కారణము భ్రంశము కాదు, గోడలు. గుండ్రని రాళ్లను మట్టితో పేర్చిన మందపుగోడలు. లోపలివరుసకును వెలుపలివరుసకును సంబంధము లేదు. నడుమ రాతిముక్కలు, మన్ను నింపినారు. పైన దూలములమీద, వాన కుఱియకుండుటకు ఏటేట పోసిన మట్టి, రెండు మూడడుగుల మందము. భూమి ఊగగానే గోడలోని రెండు వరుసలును చెఱియొకవైపు విడివడినవి. మట్టికప్పు నిద్రించువారిమీద పడినది.

ఇట్టి మిద్దెలు మన పల్లెలలోను కొన్ని మిగిలియున్నవి. అట్టి ఇల్లు గలవారు చేయదగిన పనులు పెద్ద వ్యయముతో కూడినవి కావు. కప్పుమీది పాతమట్టిని తీసివైచి, నీరు కాఱకుండ పలుచని పొర వేయవలెను. మందము అడుగునకు లోపుగా నుండుట మేలు. రాతిగోడ కట్టునప్పుడు రెండుముఖములను తాకునంత పొడవైన రాయిని, నిడివిలో రెండుమూడు అడుగులకొకటి చొప్పున, వరుసవరుసకు అడ్డముగా వేయవలెను. గుండురాయిని అట్లే వాడక చెక్కి వాడవలెను. తలుపులకును కిటికీలకును పైమట్టమున, ఇంటి నాలుగుగోడలను చుట్టి, మూలలలో తెగకుండ, ఇనుపకడ్డీలతో కూడిన కాంక్రీటుపట్టె నొకదానిని పోయవలెను. బండిచక్రమునకు ఇనుపపట్టా చేయు పనినే ఆ పట్టె ఇంటికి చేయును. గోడ పగిలినను, మూల విడిపోదు. లోపలివారికి వెలుపలికి వచ్చుటకు వ్యవధి యుండును. కిల్లారి వెనుక ఆ జిల్లాలో తిరిగి కట్టిన ఇండ్లలో ఈ పట్టె వేయించిరి.